పాటల స్లైడు ఫోను



జగ్గయ్యపేట చరిత్ర యనగానే పెద్దలు ధనంబోడు గుట్టను, తండ్రి జగ్గయ్యగారి పేర ఆ పట్టణమును కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయనివారిని తలచుకొందురు. నందిగామ యనగానే మునేటిని, హైదరాబాదు రహదారిని చెప్పుకొందురు. ఈ ప్రసంగమునకు నేనెన్నుకొన్న వస్తువు అంత పెద్దది కాదు, అంత పాతదియు కాదు. అది మీలో కొందరి యిండ్లలో అటకమీదనో, బీరువా అరలోనో, తుప్పుపట్టిన తాళపుచెవుల నడుమనో ఇప్పటికిని పడియున్నది. పై పలకను బొటనవ్రేలితో మీదికి త్రోసినచో క్రింద అంకెల మీటలు బయటపడెడి సెల్ ఫోను. మనవారు దానిని స్లైడు ఫోను అనిరి. అందును కొన్నింటిని పాటలు వినుటకే ప్రత్యేకముగా చేసి యమ్మిరి. అట్టి దొకటి నాకును ఉండెను, ఇప్పటికిని ఉన్నది.

మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. నేను చెప్పు కథ నడిచిన కాలమున అవి కృష్ణాజిల్లా మెట్ట. కావున ఆ పేరే వాడుచున్నాను.

అయిదారేండ్లు వాడి పారవేసిన వస్తువునకు చరిత్ర యేమని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. పాటను మనిషి తన సొత్తుగా దాచుకొనుట యెట్లు మొదలైనదో, ఆ దాచుకొనుటలో ఎవరి గొంతునకు ఎంత చోటు దొరకినదో తెలిసికొనుటకు ఈ చిన్న యంత్రముకంటె మంచి సాక్షి నాకు కనబడలేదు. దాని మాట వినవలెనన్నచో కొంచెము వెనుకకు పోవలెను.

శబ్దమును పట్టి మరల పలికిన మొదటి యంత్రము 1877లో ఎడిసను చేసిన ఫోనోగ్రాఫు. దానికి రెండు పనులును తెలియును. మీరు మాటాడినచో వ్రాసికొనును, మరల పలుకును. పదేండ్లకు, 1887లో, ఎమిల్ బెర్లీనరు అను నాతడు గుండ్రని పలక పద్ధతిని కనిపెట్టెను. అదియే గ్రామఫోను. దీనికి పలుకుట మాత్రమే తెలియును, వ్రాసికొనుట తెలియదు. వ్రాయు యంత్రము కంపెనీవారియొద్ద నుండును. వినువాడు కొనుక్కొని వినవలసినదే. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అను దొర కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను పలకలకెక్కించెను. తరువాత మన తెలుగు నాటకముల పద్యములును ఆ దారినే వచ్చినవి. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యముల పలకలకు ఆంధ్రదేశమంతటను గిరాకి యుండెడిది. మనకు చేరువనున్న మైలవరము నాటక సమాజము పేరు వినని రసికుడు ఆ దినములలో ఈ ప్రాంతమున లేడు. పలకకు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు మించి పట్టదు. అందుచేత రంగస్థలముమీద ఒక్క పద్యమును పావుగంట సాగదీసిన నటుడు పలకయెదుట తన రాగమును తెగగోసికొనవలసి వచ్చెను. అయినను ఊరిలో ఒక్క కరణముగారి యింటనో, కోమటి దుకాణముననో ఆ పెట్టె యున్నచో వీధి వీధి అంతయు వచ్చి అరుగుక్రింద కూర్చుండి వినెడిది. పెట్టె ఒకరిది, పాట అందరిది.

రేడియో వచ్చినతోడనే కొనుగోలుకూడ అవసరము లేకపోయినది. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న, మన విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. పంచాయతీ గదిలోని రేడియోకు సాయంకాలము చేరెడి గుంపును మీరు చూచియే యుందురు. రేడియోలో పాట ఉచితమే గాని ఏ పాటయో, ఏ వేళనో నిర్ణయించువాడు శ్రోత కాడు. లైసెన్సుకు రుసుము చెల్లించినవాడు కూడ భక్తిరంజనికై తెల్లవారుజామున లేచి కూర్చుండవలసినదే. దానివలన నష్టము కలిగినదని నేననను. నచ్చని పాటకూడ వినవలసి వచ్చుటచేతనే నచ్చిన పాట దొరకెడిది. ఇది నా అభిప్రాయము, పడుచువారు ఒప్పుకొనరు.

1963లో ఫిలిప్సు కంపెనీ చేసిన చిన్న కాసెట్టుతో ఎడిసను నాటి న్యాయము తిరిగి వచ్చినది. టేపు రికార్డరుమీద ఒక ఎఱ్ఱ మీట యుండెడిది. దానిని నొక్కినచో పెండ్లిపందిట ముత్తైదువలు పాడిన పాటకూడ సినిమా పాట పట్టినట్టి టేపుమీదనే, దానితో సమానమైన వెడల్పులోనే పట్టును. మన మెట్ట పల్లెలలో గల్ఫు దేశములనుండియు హైదరాబాదునుండియు వచ్చిన టేపు రికార్డరులతో అప్పగింతల పాటలు, బుఱ్ఱకథలు, ముసలివారి దీవెనలు పట్టించుకొన్న యిండ్లు నేనెఱిగినవి కొన్ని కలవు. అయితే 1979 జూలై 1న జపానులో సోనీ కంపెనీ అమ్మకమునకు పెట్టిన వాక్‌మన్ అను జేబుయంత్రమునకు ఆ ఎఱ్ఱ మీట లేదు. విలేఖరులు వాడెడి చిన్న రికార్డరునుండి వ్రాయుభాగమును తీసివేసి, స్టీరియో వినికిడిని చేర్చి దానిని తయారుచేసిరి. ఈ సంగతి గుర్తుంచుకొనుడు. ఆ పేరే తరువాత మన స్లైడు ఫోనులమీదికి వచ్చినది.

ఇక సెల్ ఫోను. 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలోని సుఖరామ్‌గారితో మాటాడుటతో మన దేశమున ఈ సేవ మొదలైనది. చాల సంవత్సరములు వచ్చిన పిలుపునకు కూడ పైకము చెల్లించవలసి యుండెడిది. 2003లో ఆ భారము తొలగినది. నందిగామ రహదారిమీదనే యున్నది, జగ్గయ్యపేటకు చిల్లకల్లు చేరువ. కావున రహదారి ప్రక్క ఊళ్ళలో సంకేతము ముందుగా అందినది. లోపలి పల్లెలవారు కొన్నాళ్ళు మేడమీదికెక్కి, చెఱువు కట్టమీద నిలువబడి మాటాడిరి.

పలకను త్రోసెడి పద్ధతిని 1999లో జర్మనీవారి సీమెన్సు కంపెనీ ఎస్.ఎల్.10 అను ఫోనులో చూపెను. 2000లో ఆ కంపెనీయే ప్రకటించిన ఎస్.ఎల్.45 అను మఱియొక ఫోనులో పాటలు దాచుకొనుటకు తీసి పెట్టుకొనగల కార్డును అమర్చెను. ఎం.పి.3 అను పేరు 1995లో స్థిరపడినది. చెవి గుర్తించలేని భాగములను లెక్కగట్టి విడిచిపెట్టి పాటను పదవ వంతునకు కుదించెడి విద్య యది. ఈ మూడును, అనగా జరిగెడి పలక, కార్డు, కుదించిన పాట, ఒక్కచోట చేరి జనసామాన్యమునకు అందుటకు 2006 రావలసి వచ్చెను. ఆ యేట సోనీ ఎరిక్‌సన్ వారు తమ వాక్‌మన్ పేరుతో డబ్ల్యు850 అను స్లైడు ఫోనును, సెప్టెంబరులో నోకియావారు 5300 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ అను దానిని వెల్లడించిరి. రెండవది తెల్లని ఒంటికి రంగు అంచులు గలిగి, తెర ప్రక్కనే పాటలకొరకు ప్రత్యేకమైన మీటలతో నుండెడిది. పలకను మూసియుంచినను ఆ మీటలతో పాటను ఆపవచ్చును, ముందుకు పోనీయవచ్చును. స్లైడుయొక్క సొగసు అందే యున్నది. మాటాడవలసినప్పుడు తెఱచును, వినుటకు తెఱువ నక్కఱలేదు. నోకియావారు అదే సంవత్సరమున మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరులో కర్మాగారము నడపనారంభించిరి. అక్కడ తయారైన ఫోనులు మన దేశమునకే గాక ఇతర దేశములకును పోయినవి.

నా ఫోనును 2008లో మా పెద్దవాడు విజయవాడలో కొని తెచ్చి యిచ్చెను. దాని తయారీదారు లెవ్వరో ఈ ప్రసంగమునకు అవసరము లేదు. చేతిలో పట్టిన తాటిముంజె అంత ఉండెడిది. పలక జరుగునప్పుడు లోపలి స్ప్రింగు సగముదాక మన త్రోపును అడిగి, తరువాత తానే లాగుకొని టక్కున నిలుచును. ఆ టక్కు శబ్దముకొరకే చావడిలో పదిమారులు తెఱచి మూసెడివారిని చూచితిని. పెద్దమనుష్యులే!

పాటలు నింపుకొనుట వేఱొక ముచ్చట. ఇంటర్నెట్టు పల్లెలో లేదు. జగ్గయ్యపేటలోను నందిగామలోను బస్సు స్టాండు దరి సెల్ దుకాణములలో ఒక కంప్యూటరు, దానిముందొక కుఱ్ఱవాడు. మెమరీ కార్డు ఇచ్చినచో నింపి యిచ్చును. నాలుగు నిమిషముల పాట సుమారు నాలుగు మెగాబైట్లు. ఒక గిగాబైటు కార్డులో రెండువందల యేబదికి తక్కువ కాకుండ పాటలు పట్టును. కార్డులలోను రెండు జాతులు. నోకియా మొదలగువారివి మైక్రో ఎస్.డి., సోనీ ఎరిక్‌సన్ వారివి ఎం2 అను వేఱొక కొలత; ఒకదాని గూటిలో రెండవది పట్టదు. నాది రెండు గిగాబైట్ల కార్డు. ఘంటసాలవారి భగవద్గీత, పాత సినిమా పాటలు, హరిశ్చంద్ర పద్యములు నింపుమంటిని. కుఱ్ఱవాడు నేనడిగినవి నింపి, ఖాళీ మిగిలినదని తనకిష్టమైన కొత్త పాటలతో కార్డును అంచుదాక పోసెను. అందుచే గీతా శ్లోకము ముగిసినతోడనే చెవులదరు డప్పుల పాట యొకటి అందుకొనెడిది. మా వీధిలో ఇది కొంతకాలము వేడుకయైనది. కవికిగాని గాయకునికిగాని ఆ దుకాణమునుండి ఒక్క కానియైన చేరలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంకొక నష్టమును ఎవరును గుర్తింపలేదు. గ్రామఫోను పలకమీద నడుమ అంటించిన కాగితమున పాడినవారి పేరు ముద్రించి యుండెడిది. రేడియోలో పాటకు ముందు రచన ఎవరిదో, సంగీత మెవరిదో చెప్పెడివారు. కాసెట్టు పెట్టెలోని మడత కాగితమున ఆ వివరము లుండెడివి. కార్డులోని పాటకు మాత్రము తరచుగా ఒక అంకెయే పేరు. మొదటిసారిగా మన మెట్టలో పాట తల్లిదండ్రుల పేరు లేకుండ చేతులు మాఱినది. బ్లూటూత్ వచ్చిన పిదప దుకాణము కూడ అక్కఱలేదు. రెండు ఫోనులు ప్రక్కప్రక్కన పెట్టిన చాలును. ఈ విధముగా వ్యాపించిన పాటలను ఎవరు వ్రాసిరో నేటికిని మా మనుమలకు తెలియదు, పాట మాత్రము చరణములతో సహా వచ్చును.

ఇంతమాత్రముచేత ఈ యంత్రమును నిందించుచున్నానని తలపవలదు. మిరపకల్లములో రాత్రి కావలి పండుకొన్నవానిని అడిగి చూడుడు. మంచుకు దుప్పటి కప్పుకొని, చెవిలో తీగ పెట్టుకొని, ఎవరిని లేపకుండ తనకు కావలసిన పద్యమును తనకు కావలసినన్నిమారులు వినుట రాజులకుకూడ లేకపోయిన భోగము. రాజుకు కచేరి కావలెనన్నచో విద్వాంసుని పిలిపించవలెను. ఒక్క లోపము. ఈ ఫోనులలో రేడియో ఉన్నను అది ఎఫ్.ఎం. మాత్రమే, విజయవాడ కేంద్రము మధ్యతరంగములపై పంపెడి ప్రసారము అందులో వినబడదు. జేబులో రేడియో పెట్టుకొనియు భక్తిరంజని వినుటకు ఇంటిలోని పాత ట్రాన్సిస్టరునే ఆశ్రయింపవలసి వచ్చెను.

పగటివేళ చేలలో సంగతి వేఱు. మన మెట్టలో పత్తి, మిరప కోతలకు ఆడువారు గుంపులుగా వత్తురు. ఒకతె ఎత్తుకొనగా తక్కినవారు అందుకొని పాడెడి పాటలు ఆ సాలులలో ఉండెడివి. మా చేలో 2008, 2009 కోతలనాటికి గట్టుమీది వేపకొమ్మకు ఒక ఫోను వ్రేలాడెడిది. అది పాడుచుండెడిది, వారు కోయుచుండెడివారు. ఫోనులో పాట ఆగినప్పుడు మాత్రము, బ్యాటరీ అయిపోయినప్పుడు మాత్రము, వృద్ధులు మరల గొంతెత్తెడివారు. తిరుపతమ్మ తల్లి కథను పాటగా చెప్పుటలో మా మేనత్తది అందెవేసిన చేయి. ఫోను మూగవోయినదనిన ఆమెకు సంతోషము.

2009 కోతలలో మా మనుమడు, పదేండ్ల పిల్లవాడు, నా ఫోనులోని వాయిస్ రికార్డరును తెఱచి ఆమె ముందు పెట్టెను. ఆమె మొదట సిగ్గుపడినది. తరువాత, "అది నా మాట మింగి నిన్నటి మాట చెప్తదా?" అని అడిగి, పాడినది. అట్లు నాలుగు మారులు, నాలుగు దినములలో. అన్నియు కలిపి తొమ్మిది నిమిషములు. ఆమె 2011లో కాలము చేసినది.

ఇప్పుడు నేను మొదట చెప్పిన మాటకు వత్తును. ఈ ఫోనులలో సినిమా పాటను దాచు పద్ధతి వేఱు, మన గొంతును దాచు పద్ధతి వేఱు. దుకాణములో నింపిన పాటకు క్షణమునకు 128 కిలోబిట్లు కేటాయింపబడెను. వాయిస్ రికార్డరు పట్టిన గొంతునకు ఎక్కువలో ఎక్కువ 12.2 కిలోబిట్లు. అనగా పదవ వంతు. ఈ రెండవ పద్ధతి పేరు ఏ.ఎం.ఆర్. ఇది 1999లో ఫోను సంభాషణలకొరకు అంగీకరింపబడిన లెక్క. మాట తెలిసిన చాలును, మాధుర్యముతో పనిలేదు అను ఉద్దేశముతో చేసినది. సుమారు 300 మొదలు 3400 వఱకు కంపనములుగల ధ్వనులను మాత్రమే నిలుపును, పైవానిని విడిచివేయును. తాళపు చిరుగంటలు, గాజుల గలగల, స-శ-ష లలోని ఊపిరి, ఇవి పైవి. అంతేకాదు, ఒక మనిషి ఒంటరిగా మాటాడుచున్నాడని భావించి ఆ లెక్క పనిచేయును. ఇద్దరు కలిసి పాడినచో, వెనుక డప్పు మ్రోగినచో, దానికి అయోమయము. మా మేనత్త ఎత్తుకొన్న పల్లవిని పదిమంది అందుకొనిన చోట నీళ్ళలో మునిగి పాడినట్లుండును.

ఇందు ద్రోహమేమియు లేదు. పాటలకొరకు చేసిన ఫోను అనినప్పుడు చేసినవారి మనసులోని పాట కొనితెచ్చినది, వేఱెవరో పాడినది. ఫోను పట్టుకొన్నవాని యింటనే పాట యుండునని వారు తలపలేదు. గ్రామఫోను తలపలేదు, వాక్‌మన్ తలపలేదు. టేపు రికార్డరు మాత్రము తలచినది. మా మేనత్త తొమ్మిది నిమిషములును కలిపి ఎనిమిదివందల కిలోబైట్లు. అదే కార్డులోని ఒక్క సినిమా పాట ఆక్రమించిన చోటులో అయిదవ వంతు. అట్టి సినిమా పాటలు ఆ కార్డున నాలుగువందలకు పైబడి యుండెను.

స్లైడు ఫోనుల ఆయుస్సు ఆ జరుగుటలోనే తీరినది. పై పలకకును క్రింది పలకకును నడుమ కాగితమంత పలుచని రిబ్బను తీగ యొకటి యుండును. తెఱచినప్పుడెల్ల, మూసినప్పుడెల్ల అది మడతపడి విచ్చుకొనవలెను. వేలమారులు అట్లు జరిగినపిదప అందులోని రాగిగీతలు విరుగును. అప్పుడు తెర తెల్లబోవును, లేదా పూర్తిగా నల్లబడును. అందులో మన మెట్ట ధూళి, పత్తి నూగు పట్టాలలో చేరినచో ఇక చెప్పనేల? నా ఫోను తెర 2012లో ఆరిపోయినది. అప్పటికి లోకమును మాఱినది. 2007లో ఆపిల్ కంపెనీ ఐఫోను వెలువడినప్పటినుండి మీటలే లేని తెరల కాలము మొదలైనది. జరుగవలసిన అవసరము పోయినది. 2012లో ఎరిక్‌సన్ వాటాను సోనీ కొనివేయుటతో ఆ జంటపేరు అంతరించెను. నోకియావారి ఫోనుల వ్యాపారము 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్టు చేతికి పోయినది. శ్రీపెరుంబుదూరు కర్మాగారము ఆ సంవత్సరము నవంబరు 1న మూతపడి వేలమంది, అందు చాలమంది పడుచు ఆడపిల్లలు, పని కోల్పోయిరి. ఆ ఫోనుల పాటలు విన్నవారిలో ఎందఱు ఆ వార్త విన్నారో!

ధనంబోడును మరల ఒకమారు తలతము. 1882లో బర్గెస్ దొర అక్కడ త్రవ్వించినప్పుడు బౌద్ధస్తూపము బయటపడినది. అందలి మాంధాత చక్రవర్తి శిల్పము ఇప్పుడు చెన్నై మ్యూజియములో కలదు. ఆయక స్తంభములపై ప్రాకృత శాసన మున్నది. ఇక్ష్వాకు రాజు మాఢరీపుత్ర వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, వెలగిరి యందలి మహాచైత్యమునకు తూర్పు ద్వారమున అయిదు స్తంభములు నిలిపినవాడు సిద్ధార్థుడను పనివాడు. తండ్రి నాగచంద్రుడును పనివాడే. రాజు కాడు, మంత్రి కాడు, ఉలి పట్టినవాడు. పదునేడు వందల యేండ్లు రాతిలో ఆ పేరు నిలిచినది. రాయి తనంతట తానే దాచును, ఎవరును తాకనక్కఱలేదు.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి పద్ధతి వేఱు. ఆమె విగ్రహములను రెండేండ్లకొకమారు జగ్గయ్యపేటకు తెచ్చి రంగులు వేయించి మరల కొనిపోవుట ఆచారము. ఎడ్లబండ్లు, డప్పులు, దారి పొడుగున జనము, మీరెఱిగినదే. రంగు వెలియునని తెలియును గనుక తిరిగి వేయించుటనే ఉత్సవము చేసికొన్నారు.

మెమరీ కార్డు రాయికి చుట్టము కాదు, రంగునకు చుట్టము. లోపల అక్షరములు చెక్కియుండవు. కంటికి కనబడని కోట్ల గూళ్ళలో విద్యుత్తు చిన్న చిన్న మోతాదులుగా బంధింపబడి యుండును. ఆ బంధనము మెల్లమెల్లగా సడలును. చేసినవారు సాధారణముగా చెప్పెడి గడువు పదేండ్ల ప్రాంతము. కొన్ని అంతకంటె చాలకాలము నిలుచును, కొన్ని నిలువవు. 2006-2011 నడుమ కొన్న స్లైడు ఫోనులన్నింటికిని ఆ గడువు దాటిపోయినది. మీ అటకమీది ఫోనులో దుకాణము కుఱ్ఱవాడు నింపిన పాటలు పోయినచో చింత లేదు. అవి లోకమంతట నున్నవి. వాయిస్ రికార్డరులోనివి మాత్రము మఱెక్కడను లేవు.

కావున ఆ ఫోనును తీయుడు. బ్యాటరీ ఉబ్బియున్నచో ఛార్జి పెట్టవలదు, గుచ్చవలదు. ప్రక్కన పెట్టి దుకాణమునకు కొనిపోవుడు. ముందుగా కార్డును తీయించి చదివించుడు. ఎం2 కార్డైనచో దానిని చదువు సాధనము అన్నిచోట్ల దొరకదు, అడిగి చూడవలెను. కార్డులో గొంతు కనబడకున్న నిరాశ చెందవలదు. పెక్కు ఫోనులలో రికార్డు చేసినది కార్డునకు పోక ఫోను లోపలి జ్ఞాపకములోనే నిలుచును. దొరకినదానిని రెండు వేఱు చోట్ల ఉంచుడు. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ యేడు, ఏ పాట అను సంగతి కాగితముమీద సిరాతో వ్రాసి యుంచుడు. ఆ కాగితము లేనిచో మీ మనుమలకది కేవలము ఒక అంకె.

నేను 2023లో నందిగామలో ఒక సెల్ మరమ్మతుదారుని యొద్దకు పోతిని. పాతిక ముప్పదేండ్లవాడు. అతడు కార్డును చదివెను. సినిమా పాటలలో చాలభాగము పలికినవి, కొన్ని నడుమ తెగినవి. గొంతులు అందు లేవు. అప్పుడతడు తన తుక్కుడబ్బానుండి అదే రకపు చచ్చిన ఫోనును వెదకి తీసి, దాని రిబ్బనును నాదానికి మార్చి, బ్యాటరీయును వేఱొకటి పెట్టెను. తెర వెలిగినది. ఫోను తేదీ అడిగినది, నిన్న నిద్రపోయి లేచినట్లు. లోపల నాలుగు దస్త్రములు, 2009 తేదీలతో. అతడు వానిని తన ఫోనులోనికి పంపుకొని, వినిపించి, "ఎవరండీ ఈ మామ్మగారు?" అని అడిగెను. చెప్పితిని. మరమ్మతుకు పైకము తీసికొనెను గాని, ఆ నాలుగింటిని నా మనుమని ఫోనునకు పంపినందుకు తీసికొనలేదు.

ఇంటికి వచ్చి ఆ పాటను నోటుబుక్కున వ్రాసికొనుచున్నాము. మూడు దస్త్రముల మాటలు తేలినవి. పాట నడుమ ఒకచోట ఆమె ఆగి, సాలు విడిచిపోయిన కూలిదానిని కేకవేయుట కూడ వ్రాసితిమి. నాలుగవదానిలో ఒక్క మాటకు పేచీ వచ్చినది. "సేలు" అన్నదని మా వదినగారు, "ఏలు" అన్నదని నేను. సేలైనచో తల్లి చూచినది పండిన చేలను. ఏలైనచో తన వ్రేలి ఉంగరమును. రెండింటికిని కథలో చోటున్నది. ఆ మొదటి సకారము ఉన్నదో లేదో చెప్పవలసిన ఊపిరి 3400 కంపనములకు పైన నున్నది. ఫోను దానిని పట్టలేదు. పెనుగంచిప్రోలులో ఆ పాట వచ్చిన వృద్ధురాండ్ర నిద్దరిని అడిగితిమి. ఒకామె సేలు అనినది. రెండవ ఆమె ఆ చరణమే తనకు తెలియదనినది. ప్రస్తుతము నోటుబుక్కులో రెండు మాటలును ఒకదాని క్రింద ఒకటి వ్రాసియుంచితిమి.